సున్నా రాని లెక్క

బళ్ళారి, బ్రూస్‌పేట,
9 జులై 2007, సోమవారం,
ఉదయం 9 గంటల 20 నిమిషాలు.

పూజ్యురాలైన అక్క ఉచ్చంగెమ్మకు నమస్కారాలు.

ఫోను ఉండగా ఉత్తరం ఎందుకని నీవు అడుగుతావు. ఫోనులో చెప్పిన మాటకు తేదీ ఉండదు. అందుచేత జరిగినది జరిగిన వరుసలోనే వ్రాస్తున్నాను.

1. సిరుగుప్ప దారిలో వరి పండించిన రామసుబ్బప్ప నీకు తెలుసు. ఇప్పుడు ఇనుపరాయి మోసే అరవై లారీలకు యజమాని. ఊరంతా ‘ధణి’ అని పిలుస్తారు. ఆయన కట్టించిన కొత్త బంగళాలో బెంగళూరు కంపెనీ వారు గోడలకు ప్యానెళ్ళు బిగించి వెళ్ళారు. తెర మీద వేలు పెడితే దీపాలు, ఫ్యాన్లు, తోట మోటారు, వీధి గేటు అన్నీ నడవాలి. ఏదీ నడవలేదు. వాళ్ళు తిరిగి రాలేదు.

2. లారీల వైరింగు చేసే నన్ను పిలిపించారు. దానితో వచ్చిన ఇంగ్లీషు పుస్తకాన్ని నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. అన్నీ నడిచాయి.

3. ఆ వారంలోనే ధణి లారీ ఒకటి సండూరు ఘాటులో బోల్తా పడింది. డ్రైవరు బతికాడు. ఆ బండి రాహుకాలంలో బయలుదేరిందని తరువాత తేలింది.

4. తోట మోటారు ఆగడానికి ఇంకా ఎన్ని నిమిషాలున్నాయో తెర మీద అంకెలు దిగుతూ చూపిస్తాయి. ధణి వాటిని చాలాసేపు చూశారు. “మోటారు ఎప్పుడు నిలిచేది చెప్తాంది గదా మారెన్నా. రావుకాలం ఎప్పుడు పోయేది చెప్పదా?” అన్నారు. చెబుతుందన్నాను.

5. చెప్పించాను. రాహుకాలం రాబోయే ముందు పచ్చ అంకెలు, వచ్చాక ఎర్ర అంకెలు, అన్ని గదుల్లోనూ ఒకేసారి దిగుతాయి. ఇంటిల్లిపాదీ చుట్టూ చేరి చూశారు. నాకు వరండాలో కాఫీ ఇచ్చారు.

ఇక నీతో పని. ధణి కోడలు హిమజమ్మకు ఇప్పుడు నాలుగో నెల. భర్త విక్రమ్ లారీల వెంట మంగళూరు రేవులోనే ఉంటాడు. తొలి కాన్పు పుట్టింట జరగాలి. అయితే బిడ్డ ఈ ఇంటి నుంచే వెళ్ళి పుట్టాలని వారి జ్యోతిష్కుడు చెప్పాడట. ఆమెకు తోడుగా ఒక నమ్మకమైన పిల్ల కావాలన్నారు. నీ బిడ్డ సౌభాగ్యను పంపగలవా?

ఇట్లు,
నీ తమ్ముడు,
కెంచనగుడ్డ దుర్గప్ప మారెన్న.


కెంచనగుడ్డ.

మారెన్నకు అక్క దీవెన.

నువ్వు గంట, నిమిషం రాస్తావు. నేను రాసేటప్పుడు అన్నం ఉడుకుతాంది, అంతే. నువ్వు నేర్పిన అచ్చరాలే ఇవి, వంకరుంటే నీ తప్పే.

కాఫీ వరండాలో తాగినానని ఎంత మెల్లగా రాసినావప్పా. హాల్లో గోడకు నీ చెయ్యి కావల్ల, నీ గలాసు మాత్రం వద్దా? సరే, సుమ్మనే నోరు మూసుకొని ఉంటా.

రావుకాలమని ఆ ధణి అంత అల్లాడతాండాడే, నా పెండ్లి సంగతి చెప్పలేదా ఆయనకు? ఆదివారం మాపటేళ, నడి రావుకాలంలో నా మెడలో తాళి పడె. ఏరు నిండుగా వస్తాంటే మీ బావ ఎక్కిన పుట్టి అవతలి ఒడ్డునే నిలిచిపాయె. ముహూర్తం దాటిపోయిందని అయ్యవారు లేస్తాంటే, నాయన ఆయన పంచె కొస పట్టుకొని కూర్చోబెట్టె. ఆ పొద్దు నుంచి ఈ పొద్దు వరకు కాపురం చేస్తానే ఉండా. రావుకాలం మమ్మల్ని ఏం చేసింది? పుట్టిలోకి ఎక్కితే మునిగిపోతానని అదే భయపడింటాది.

సౌభాగ్యను పంపిస్తా. ఆ పిల్లకూ పట్నం చూడాలని ఉండాది. కానీ ఒగటి. పెద్దిల్లు గదా, ఎన్ని వాకిళ్ళన్నా ఉండనీ, లోపలి పక్క చేత్తో తీసే గడియ ఒగటి ఉండాల. ఉండాదో లేదో నీ కండ్లతో చూసి రాయి. పిల్లకు ఏమన్నా అయితే నిన్నే అడుగుతా, ధణిని కాదు.

నీ అక్క ఉచ్చంగి.


బళ్ళారి, బ్రూస్‌పేట,
3 సెప్టెంబరు 2007, సోమవారం,
సాయంత్రం 6 గంటల 5 నిమిషాలు.

అక్కకు నమస్కారాలు.

సౌభాగ్య క్షేమం. హిమజమ్మ తన పళ్ళెంలోనే పండ్లు కోసి ఆమెకూ పెడుతున్నది. ఇద్దరూ ఒకే వయసువారిలా నవ్వుకుంటారు.

పని పెరిగింది. “మనుషులకు చెప్తే వినరప్పా. ఒగడు చూడలేదంటాడు, ఒగడు వాచీ ఆగిపోయిందంటాడు. గేటే మూసుకుంటే?” అన్నారు ధణి. వీధి గేటును ప్యానెల్‌కు కలిపాను. ఎర్ర అంకె ఉన్నంతసేపు గేటు తెరుచుకోదు. సున్నాకు వస్తేనే తెరుచుకుంటుంది. మొన్న ధణి కారే ఆగిపోయింది. ఆయన లోపల కూర్చుని నవ్వుతూ, “నేనే ఆగినానంటే ఇంకెవరు ఆగరు?” అన్నారు. కావలి ఉండే బసప్ప చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

రాయి ధర పెరిగే కొద్దీ ఆయనకు ధైర్యం పెరుగుతుందనుకున్నాను. పెరిగినది భయం. రాహుకాలం తరువాత యమగండం కలపమన్నారు. తరువాత దుర్ముహూర్తం. ఇప్పుడు వర్జ్యం. ప్రతి ఆదివారం పంచాంగం చూసి వారం మొత్తానికి వేళలు ఎక్కిస్తున్నాను. ఆయన తల్లి తిమ్మమ్మవ్వ నన్ను పిలిచి, “నేను పాయిఖానాకు పొయ్యే వేళ గూడా అందులో రాసినావేమప్పా? ముందే చెప్పు, నీళ్ళు తక్కువ తాగుతా” అన్నది. నాకు నవ్వు ఆగలేదు.

ఒక వింత గమనించాను. ఒక చెడువేళ ముగియకముందే మరొకటి మొదలైతే, ఎర్ర అంకె ఒకటి వరకు దిగి, సున్నాకు రాకుండానే మళ్ళీ పైకి పోతుంది. రెండు వేళలు ఒకదానిపై ఒకటి పడినందువల్ల అంతే, వేరే మర్మం లేదు. ధణికి వివరించాను. ఆయన విన్నట్టు లేదు. “కీడు కీడును పిల్చుకొస్తాది. నీ మిషనుకు గూడా తెలిసిపోయిందే!” అన్నారు. అలాగే ఉంచమన్నారు.

నీ ప్రశ్నకు జవాబు: ఉంది. గేటు మోటారుకు లోపలి వైపు ఒక చేతి పిడి ఉంది. కరెంటు లేకున్నా, ప్యానెల్ ఒప్పుకోకున్నా, ఆ పిడి తిప్పితే గేటు జరుగుతుంది. నిశ్చింతగా ఉండు.

ఇట్లు,
నీ తమ్ముడు,
కెంచనగుడ్డ దుర్గప్ప మారెన్న.


కెంచనగుడ్డ.

మారెన్నా,

వినాయక చవితికి సౌభాగ్య ఒక పూట వచ్చి పాయె. కడుబులు తిన్నాది, కానీ తినేటప్పుడు గోడ దిక్కు చూస్తాండాది. “ఏంది చూస్తావే?” అంటే, “ఏం లేదమ్మా, అలవాటైపాయె” అన్నాది. మన గోడ మీద ఏముండాది, బల్లి తప్ప?

ఆ ఇంట్లో ఎర్రగుంటే అన్నం వడ్డించరంట. ఎర్రగుంటే తలకు నూనె పెట్టరంట. హిమజమ్మ మంచానికి ఎదురుగ్గా గూడా ఒక తెర పెట్టినావంట గదా. ఆ యమ్మ కడుపు మీద చెయ్యేసుకొని దాన్నే చూస్తా పండుకుంటాదంట. వాళ్ళమ్మ చీర, సారె తీసుకొని చూడ్డానికొస్తే గేటు తెరుచుకోక, ఎండలో నిల్చొని నిల్చొని తిరిగిపాయెనంట. ఇది నువ్వు రాయలేదే?

ఇంకోటి విన్నా. ఎవరో డ్రైవరుకు వాళ్ళ నాయన పోయినాడని కబురొస్తే, బసప్ప మనసు ఆగక గేటు తీసి పంపించినాడంట. దానికి పెద్ద గలాటా అయ్యిందంట. చేత్తోనే తీసింటాడు గదా. మరి ఆ పిడి ఇప్పుడు యాడుండాది?

ఉచ్చంగి.


బళ్ళారి,
29 అక్టోబరు 2007,
మధ్యాహ్నం 3 గంటలు.

అక్కకు,

ఆలస్యానికి క్షమించు. నన్ను బ్రూస్‌పేట గది ఖాళీ చేయించి బంగళా వెనుక షెడ్డులో ఉండమన్నారు. రోజూ వేళలు మారుతుంటాయి గనుక మనిషి దగ్గర ఉండాలన్నారు.

హిమజమ్మ తల్లి తిరిగిపోయిన మాట నిజమే. ఆ రోజు వర్జ్యం ఎక్కువసేపు ఉంది.

నిన్న హిమజమ్మ నన్ను ఒంటరిగా ఒక మాట అడిగింది. “మారెన్నా, నాకు నొప్పులొచ్చే పొద్దుకు ఆ అంకె తొందరగా దిగేటట్టు చెయ్యగలవా? ఎవరికీ తెలీకుండా?” అన్నది. నేను, “అమ్మా, అది నిజం చెప్పడానికి పెట్టిన యంత్రం. ఒకసారి అబద్ధం చెబితే ఇక దానికి విలువ లేదు” అన్నాను. ఆమె తల ఊపింది. నేను చెప్పినది సరైన మాటే. అయినా ఆమె తల ఊపిన తీరు నా కళ్ళ ముందు నుంచి పోవడం లేదు.

ధర మళ్ళీ పెరిగిందట. లారీలు ఎనభై అయినాయి. సౌభాగ్య ఆరోగ్యంగా ఉంది.

నీ తమ్ముడు,
దుర్గప్ప మారెన్న.


కెంచనగుడ్డ.

మారెన్నా,

ఉత్తరం రెండుసార్లు చదివినా. లారీలు ఎన్నో రాసినావు, షెడ్డు సంగతి రాసినావు. పిడి యాడుండాదో రాయలేదు. ఏదీ మరిచేవాడివి కాదు నువ్వు.

చెప్పు.

ఉచ్చంగి.


బళ్ళారి,
19 నవంబరు 2007.

అక్కా,

పిడి నా దగ్గర ఉంది. బసప్ప గొడవ తరువాత దానిని తీసివేయమన్నారు. నా చేతులతోనే తీశాను. “నీ సంచిలోనే పెట్టుకో, వీని కంటికి కనపడగూడదు” అన్నారు ధణి. అంటే ఆ గేటు తీయగల వస్తువు ఒక్కటే, అది నాతోపాటు తిరుగుతుంటుంది. నేను లోపల ఉంటే లోపల, బజారుకు వెళితే బజారులో.

తిరిగి బిగించనిమ్మని అడిగాను. “కాన్పు అయిపోనీ, అప్పుడు చూద్దాం” అన్నారు.

మారెన్న.


కెంచనగుడ్డ.

మారెన్నా,

హిమజమ్మ కాన్పు దినం నువ్వు బజారు నుంచి వచ్చి గేటు బయట నిలిచిపోయినావు. లోపల ఏమైందో ఆసుపత్రిలో సౌభాగ్య నాకు చెప్పింది. నీకు చెప్పబోయి నీ ముఖం చూసి నోరు మూసుకుందంట. అందుకే నేను రాస్తాండా. నువ్వు తెలుసుకోవల్ల.

పొద్దున అంబలి పొద్దుకే నొప్పులు మొదలైనాయంట. కారు మెట్ల కాడికి తెచ్చినారు. హిమజమ్మను ఎక్కించినారు. గేటు ఎర్రగుండాది. ధణి హాల్లో తెర ముందర నిల్చొని, “తొలి కాన్పు గదమ్మా, ఇప్పుడే ఏమీ కాదు. పన్నెండు నిమిషాలే, చూడండి, దిగుతానే ఉండాది” అంటాండాడంట. అందరూ దాన్నే చూస్తాండారు. ఐదాయె, మూడాయె, ఒకటాయె. డ్రైవరు బండి స్టార్ట్ చేసె. ఒకటి కాడ నుంచి నలభైకి ఎగిరిపాయె.

తిమ్మమ్మవ్వ ఒకతే అరిచిందంట: “ఒరే సుబ్బా, నిన్ను కనేటప్పుడు మీ నాయన గడియారం చూసుకుంటా కూర్చొని ఉంటే, నువ్వు నా కడుపులోనే ముసలోడివయ్యిందువు! తియ్యిరా గేటు!” దానికి ధణి ఏడ్చినాడంట మారెన్నా. కండ్లనీళ్ళు కారిపోతాంటే, “బిడ్డ మంచికే గదమ్మా, బిడ్డ మంచికే గదా” అని చేతులు జోడించినాడంట. తియ్యమని మాత్రం అనలేదు.

ఆ నలభై గూడా దిగె. మళ్ళీ ఎగిరె. అప్పటికి కారు సీటంతా తడిసిపాయె. హిమజమ్మ అరుపు ఆగిపాయెనంట. అరుపు ఆగితేనే సౌభాగ్యకు భయమేసి గేటు కాడికి ఉరికింది. నువ్వు గేటు మీదుగా పిడి లోపలికి విసిరినావు. అది ఆ పిల్ల కాలి కాడ పడె. తిప్పతానే ఉండాదంట, చేతులు బొబ్బలెక్కినాయి, నేను చూసినా. బసప్ప గోడ దిక్కు తిరిగి, “నాను నోడిల్లవ్వా” అని నిల్చుకున్నాడంట. చూడలేదంట, పాపం. ఆయన చేసిన సాయం అదే.

మగబిడ్డ. బతికినాడు. కానీ చానాసేపు ఏడవలేదంట.

నా బిడ్డను నాకు పంపించు. నేను పిలిస్తే రానంటాండాది. “ఆ యమ్మను, ఆ పసోణ్ణి వదిలి ఎట్ల వస్తానమ్మా” అంటాది. ఇంక అక్కడ ఏముండాది మారెన్నా? అయిపోయింది గదా అంతా?

ఉచ్చంగి.


అక్కా,

ఈ ఉత్తరం పోస్టులో వేయడం లేదు. బసప్ప అత్తగారి ఊరికి పోతూ నీ చేతికిస్తాడు. అతనికి కన్నడం తప్ప చదవరాదు. దారిలో మరెవరి చేతికైనా చిక్కితే, వారికీ తెలుగు రాకపోవచ్చు. కానీ అంకెలు అందరూ చదువుతారు. అందుకని ఇందులో ఒక్క అంకె కూడా వ్రాయడం లేదు. వెదకవద్దు.

అయిపోయిందా అని అడిగావు. అయిపోలేదు.

ధణి నన్ను తిట్టలేదు. సౌభాగ్యను కూడా ఏమీ అనలేదు. పిడిని మాత్రం తీసుకుని తన బీరువాలో పెట్టుకున్నారు. “ఎరుపులో గేటు తెరుచుకున్నాది, ఎరుపులో బిడ్డ పుట్టినాడు. తప్పు మీది కాదు, వాని రాత” అన్నారు. శాంతి జరిగేవరకు ఇంటివారెవరూ బిడ్డ ముఖం చూడకూడదట. శాంతి తరువాత కూడా మొదట గిన్నెలో నూనె పోసి, అందులో నీడ చూడాలట. ఇది మన పెద్దలూ పాటించినదే, నేను కాదనను. కానీ పెద్దలు దానికి తలుపు మూయలేదు.

తల్లిని, బిడ్డను, సౌభాగ్యను పెరటి వైపు గదిలో ఉంచారు. శాంతికి ఎంత కాలముందో అక్కడి తెర మీద దిగుతున్నది. దగ్గరకు వచ్చేసరికి ఆ రోజున ఏదో దోషం ఉన్నదని జ్యోతిష్కుడు కబురు పంపుతాడు. అంకె మళ్ళీ పైకి పోతుంది. ఇలా ఒకసారి కాదు. బిడ్డ పసుపు పచ్చగా అయినాడు. పాలు సరిగా తాగడం లేదు. డాక్టరమ్మ తిరిగి తీసుకురమ్మన్న రోజు దాటిపోయింది. ఆ గదిలోకి ఎండ రాదు. సౌభాగ్య తలుపు వెనుక నుంచి నాతో, “మామా, వాడు ఈ పొద్దు ఏడవడం గూడా మానేసినాడు” అన్నది.

విక్రమ్ రేవు నుంచి వచ్చాడు. తలుపు బయట కుర్చీ వేసుకుని తెర వైపే చూస్తూ కూర్చుంటాడు. ఆ అబ్బాయికి ఏమీ చెప్పలేదు. చెబితే ముందు అంకె వైపు చూస్తాడు.

మొన్న ఆ గది తలుపుకు కూడా ప్యానెల్‌తో నడిచే గడియ పెట్టమన్నారు. పెట్టాను. ధణి స్వయంగా లాగి చూసి మెచ్చుకున్నారు. కోపగించకు, చివరిదాకా చదువు. నీవు చెప్పిన వేళకు ఆ గడియ పడదు. తెర మీద మాత్రం పడినట్టే కనిపిస్తుంది, ఎర్ర అంకె దిగుతూనే ఉంటుంది. నేను పెట్టిన యంత్రం అబద్ధం చెప్పడం ఇదే మొదలు. హిమజమ్మ అడిగినప్పుడే చెప్పించి ఉంటే బాగుండేది.

నీవు చెప్పిన వేళ అన్నాను. నీ మెడలో తాళి పడిన వారం, ఆ వేళే. ఆ వేళకు ధణి పూజగదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంటారు. విక్రమ్ కూడా ఆయన పక్కన కూర్చోవాలి. వంటమనిషి పొయ్యి ఆర్పుతుంది. డ్రైవర్లు బండ్లు ముట్టుకోరు. మమ్మల్ని చూసినవారున్నా గడప దాటి వెంట రారు. ఆ ఇంట్లో మనకు మంచి వేళ అదొక్కటే.

తిమ్మమ్మవ్వకు మాత్రం తెలుసు. ఆమే నన్ను పిలిచి, “నా మునిమనవని ముఖం నేను నూనెలో చూసేదేందప్పా, నేనేమన్నా బజ్జీ కాలుస్తాండానా? ఎత్తుకొని పో వాణ్ణి” అన్నది. బిడ్డకు కప్పమని తన పాత చీర ఇచ్చింది. హిమజమ్మతో సౌభాగ్య మాట్లాడింది. ఆమె అడిగినది ఒకటే: “మా అమ్మ ఒడ్డున ఉంటాదా?” ఉంటుందని చెప్పాను. ఆమెను అవతలి ఒడ్డుకు పిలిపించే పూచీ నీది. ముందు ఆసుపత్రి, తరువాత పుట్టిల్లు. ఈ వైపు ఆసుపత్రులన్నింట్లో ధణికి తెలిసినవారున్నారు. అందుకే మన ఊరి కాడ ఏరు దాటాలి.

గేటు పిడి బీరువాలో ఉన్నదని ధణి ధైర్యం. దానిని విసిరిన రోజుకు ముందే, అలాంటిదే మరొకటి కొలిమిలో చేయించి అక్కడే ఉంచాను. ఎందుకు చేయించానో అప్పుడు నాకు తెలియదు. నీ ఉత్తరంలో ‘చెప్పు’ అన్న ఒక్క మాటకు జవాబు వ్రాసి, పోస్టులో వేసి వస్తూ చేయించాను.

తెరను పగలగొట్టడం లేదు. ఖాళీ గది తలుపు మీద అది దిగుతూనే ఉండనీ. వారికి తలుపు తీయడానికి ధైర్యం వచ్చేవరకు మా బాడుగ జీపుకు దారి దొరుకుతుంది. ఆ తరువాత లారీలన్నీ ఏటి వైపే తిరుగుతాయని తెలుసు. సిరుగుప్ప దారిలో ఆయనను ఎరగని మనిషి లేడు. నేను మళ్ళీ బళ్ళారిలో పని చేయలేను. బహుశా ఈ వైపు ఎక్కడా చేయలేను. బసప్ప తిరిగి వచ్చి నీ నుంచి ఒక్క మాట తేవాలి, సరే అని.

దీపాలు పెట్టే పొద్దుకు ఒడ్డుకు చేరాలి. చేరకపోతే, చీకటి పడేవరకు చూసి, నీవు ఇంటికి వెళ్ళిపో. మమ్మల్ని వెదుకుతూ పట్నం రావద్దు.

బావతో చెప్పు. మీ పెళ్ళి రోజులాగా పుట్టి అవతలి ఒడ్డున నిలిచిపోకూడదు. ఈ ఒడ్డునే ఉండాలి. గూటానికి కట్టవద్దు. తెడ్డు చేతిలోనే పట్టుకుని ఉండమను.

నీ తమ్ముడు.